వీడియో చాచా గుప్పిట

వీడియో చాచా పోయారన్న కబురు మా తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. "చాచా పోయిండక్కా. పొద్దుగాల నమాజ్ చేసి పండుకున్నడంట, మళ్ల లేవలే" అన్నాడు. నేను ఏడవలేదు. "ఎవరు చెప్పిన్రు? నువ్వు కండ్లతోని చూసినవా?" అని అడిగాను. వాడు విసుక్కుని ఫోన్ పెట్టేశాడు. ఇంకో ఇద్దరికి ఫోన్ చేశాను. వాళ్ళూ అదే మాట చెప్పాక పొయ్యి ఆర్పేసి, వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను.

నాది పుట్టు అనుమానం. పాలవాడి కొలత చూస్తాను, కూరగాయలవాడి తక్కెడ కింద చూస్తాను, చుట్టాలు ఊరికే ఇంటికొస్తే ఎందుకొచ్చారా అని చూస్తాను. ఈ విషయంలో చాచా నాకంటే రెండాకులు ఎక్కువే చదివారు. కాకపోతే ఆయన అనుమానమంతా మిషన్ల మీద, నాది మనుషుల మీద. ఈ తేడా నాకు తెలిసిరావడానికి ఒక డీవీడీ రైటరు కొనాల్సి వచ్చింది.

చాచా శాలిబండలో ఏళ్ళ తరబడి పెళ్ళి వీడియోలు తీశారు. మా లాల్‌దర్వాజాలో ఎవరి పెళ్ళి డిస్కు చూసినా ఆయన రాసిచ్చిందే. ఖాళీ డిస్కును ట్యూబ్‌లైటుకు అడ్డం పట్టి, అవతలి వెలుగు కనిపిస్తే పక్కన పడేసేవారు. రాయడం అయ్యాక దాన్ని ఇంకో రెండు మిషన్లలో మొదటినుంచి చివరిదాకా ఆడించి చూసేవారు. అందుకే పెళ్ళికూతురు పుట్టింటికి మొదటిసారి వచ్చి తిరిగి వెళ్ళినా డిస్కు మాత్రం చేతికొచ్చేది కాదు. ఎవరైనా లొల్లి పెడితే ఒక్కటే మాట: "అయిపోయిందని కంప్యూటర్ అంటది. అనుడు దాని పని, చూసుడు మన పని."

పోయినేడు మా తమ్ముడి నెత్తిన ఆపద వచ్చి పడింది. వాడు ఆటో నడుపుతాడు. శాలిబండ మలుపులో ఒక బైకు ముసలాయనను గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. వెనక వస్తున్న వీడు ఆటో ఆపి, ఆయనను లేపబోయాడు. జనం వచ్చి వీడినే పట్టుకున్నారు. కేసు పెట్టారు, ఆటోను ఠాణాలో పెట్టారు. మంచికి పోతే చెడు ఎదురైంది. అదృష్టం కొద్దీ అక్కడి గాజుల దుకాణం కెమెరాలో, బైకు నడిపిన పిల్లాడితో సహా అంతా పడింది. ఆ వీడియో పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుని వకీలు సాబ్ దగ్గరికి పోతే ఆయన, "దీంట్ల మీరే ఏదో మార్చిన్రని అవతలోళ్ళు అంటరు. ఒక్కసారి రాస్తే చెరగని డిస్కు మీద రాసి తేండ్రి. సోమవారం కోర్టుల వేద్దాం" అన్నాడు.

నేను ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని దరఖాస్తులు నింపడం, టైపింగ్ లాంటి పనులు చేస్తుంటాను. దానికి డిస్కు పెట్టే అరే లేదు. బయటినుంచి తగిలించే రైటరు కొనాలి. నాకు తెలిసిన దిక్కు చాచాయే. బుధవారం ఆయనను వెంటబెట్టుకుని కోఠి వెళ్ళాను.

దుకాణదారు అద్దంలా మెరిసే ఒక పలుచటి డబ్బా చూపించాడు. చాచా దాన్ని పక్కకు జరిపారు. "మెరుపు చూడకు బేటీ, వైరు చూడు. రాసేటప్పుడు దీనికి కరెంట్ మస్తు కావాలె. ఒక్క మూతి వైరైతే సగంల సొమ్మసిల్లుతది" అని, కంప్యూటర్‌కు రెండు చోట్ల తగిలించే రెండు మూతుల వైరున్న నల్లటి దాన్ని తీశారు. అక్కడే ఒక డిస్కు రాసి చూపించమన్నారు.

"చాచా, సీలు ఇప్పితె వాపస్ తీస్కోను" అన్నాడు దుకాణదారు.

"సీలు ఇప్పకుంటె నేనే తీస్కోను" అన్నారు చాచా.

తన దగ్గరున్న చిన్న పెళ్ళి వీడియో రాయించి, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూసి, అప్పుడు ఊఁ అన్నారు. ఇంటికి తెచ్చాక అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి అక్షింతలు వేసింది. మా ఇంట్లో కొత్త మిక్సీకైనా, కొత్త కుక్కర్‌కైనా బొట్టు లేకుండా పని మొదలుకాదు.

రాత్రి అన్నం తిని డిస్కు పెట్టాను. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంకోటి పెట్టాను, అదీ అంతే. పొద్దున చాచాకు ఫోన్ చేస్తే, వైరు కంప్యూటర్ వెనకవైపు పెట్టమన్నారు, వేగం తగ్గించమన్నారు. చేశాను. మళ్ళీ సగంలోనే ఆగింది. తమ్ముడు ఆ పాడైన డిస్కులను చేతిలో తిప్పుతూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

శుక్రవారం పక్కింటామె నా చెవిలో ఒక మాట వేసింది. "మీ వీడియో చాచా, ఆ బైకు పిలగాని మేనమామ రోజూ ఒక్క హోటల్లనే చాయ్ తాగుతరు. ఎరికేనా నీకు?"

అంతే. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అద్దంలా మెరిసేదాన్ని ఎందుకు పక్కకు జరిపాడు? నల్లదాన్నే ఎందుకు తీశాడు? కోఠిలో చిన్న వీడియో రాసింది కదా, మా తమ్ముడి వీడియో మాత్రమే ఎందుకు ఆగుతుంది? చాచా రెండుసార్లు ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు. పెన్ డ్రైవ్‌ను బియ్యం డబ్బాలో దాచాను.

ఆదివారం ఆయనే వచ్చేశారు. గుమ్మంలో నిలబడి "ఫోన్ ఎత్తకుంటె ఫికర్ అయితది బేటీ" అన్నారు. అమ్మ లోపలికి రమ్మంది. నేను పొమ్మనలేక, ఆయన చేతుల మీదనుంచి చూపు తిప్పకుండా పక్కనే నిలబడ్డాను. ఆయన పాడైన డిస్కులన్నీ అడిగి తీసుకుని, వెనకవైపు తిప్పి వెలుగులో చూశారు. రాసినంత మేర రంగు కొంచెం మారి ఉంటుందట. అన్నిట్లోనూ ఆ రంగు ఒకేచోట ఆగింది.

"డిస్కు ఖరాబైతే ఒక్కోటి ఒక్కో దగ్గర ఆగుతది. అన్ని ఒక్క దగ్గర్నే ఆగినయంటె దారిల ఏదో అడ్డమున్నది" అన్నారు. రైటరు అర బయటికి లాగారు. ఆ అరలోనే గాజు కన్ను ఒకటి ఉంటుంది, అది లోపలినుంచి బయటి అంచుకు జరుగుతూ రాస్తుంది. చాచా వంగి చూసి ఒక్క క్షణం ఆగారు. తర్వాత వీపు మా వైపు తిప్పి, సూదితో ఏదో తీశారు, దూదితో తుడిచారు. తీసినదాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. నేను చూశాను.

"ఏమాయె భాయ్?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. దుమ్ము వడ్డది."

నేను బియ్యం డబ్బాలోంచి పెన్ డ్రైవ్ తెచ్చిచ్చాను. ఈసారి డిస్కు చివరిదాకా రాసింది. చాచా దాన్ని మళ్ళీ ఇంకేమీ రాయడానికి వీలు లేకుండా ముగింపు వేసి, తన సంచిలో తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, బైకు గుద్దేదాకా, ఆటో ఆగేదాకా చూపించారు. తమ్ముడు ముఖం కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు. నాకు సంతోషంగానే ఉంది, కానీ కళ్ళు ఆ గుప్పిటను వదల్లేదు. అంతసేపూ ఆయన అన్నీ కుడిచేత్తోనే చేశారు, ఎడమచెయ్యి తెరవలేదు. దుమ్మయితే ఇంత భద్రంగా పట్టుకుపోవడం దేనికి? ఏ సామానో తీసుకుపోతున్నాడు, రేపు కోర్టులో డిస్కు తెరుచుకోదు అనుకున్నాను. ఆయన వెళ్ళగానే వెనకాలే పరుగెత్తి, గల్లీలో అడ్డం నిలబడ్డాను.

"చాచా, చెయ్యి తెరువు."

ఆయన నా ముఖంలోకి చూశారు. తర్వాత చెయ్యి తెరిచారు. అరచేతిలో రెండు అక్షింతలు, దూదికి అంటుకున్న కుంకుమ.

"అమ్మ పెట్టింది. పైన పెడితె సాలదనుకున్నది, అర తీసి లోపల గూడ పెట్టింది. ఇదేం చెత్త కాదు బేటీ, చెత్త డబ్బల వెయ్య మనసొప్పలే. ఏడ వెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నారు.

నా నోట వచ్చిన మాట సరైనది కాదు. "నువ్వు వాళ్ళ మామతోని చాయ్ తాగుతవంట గద" అన్నాను.

"తాగుత. ముప్పై ఏండ్ల సంది తాగుతున్న. చాయ్ జాగల చాయ్, నిజం జాగల నిజం." మళ్ళీ గుప్పిట మూయకుండానే, "అనుమానపడు బేటీ, మంచిదే. కానీ చూసినంక ఇడ్సిపెట్టాలె. అమ్మకు మాత్రం చెప్పకు. కొడుకు కోసం పెట్టిన చెయ్యి అది" అన్నారు. నేను ఆ అక్షింతలు తీసుకుని పక్కింటి తులసి కుండీలో వేశాను. తప్పయిందని ఒక్క మాట అనలేకపోయాను. రేపు అంటాలే అనుకున్నాను, ఏడాది గడిచిపోయింది.

కోర్టులో డిస్కు తెరుచుకుంది. కొన్ని వాయిదాల తర్వాత తమ్ముడి మీద కేసు కొట్టేశారు, ఆటో ఇంటికొచ్చింది. అమ్మ వీధంతా తిరిగి, తన బొట్టు మహిమతోనే మిషన్ నడిచిందని చెప్పింది. చాచా ఎదురుపడితే ఆయనతోనూ చెప్పేది. "హౌ అమ్మా, మరి!" అని ఆయన తల ఊపేవారు. ఆ కేసు తర్వాత హోటల్ బల్ల దగ్గర ఆ మేనమామ లేకుండా ఆయన ఒక్కరే చాయ్ తాగుతూ కనిపించేవారు. ఎందుకని నేను అడగలేదు. తెలుసు కాబట్టే అడగలేదు.

చాచా పోయిన మూడో రోజు అమ్మను తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య చాచీ తెల్లటి దుపట్టా కప్పుకుని కూర్చుని ఉంది. అమ్మ ఆమె పక్కన చేరి, చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఆ కథ ఎత్తుకుంది. "నేను బొట్టు వెట్టిన, భాయ్ వచ్చి దుమ్ము తుడిచిండు, మిషన్ నడిచింది. మా ఇద్దరి చేతులతోని నా కొడుకు బయటవడ్డడు."

నేను ఇక తట్టుకోలేకపోయాను. ఈ మనిషికి నేను చేసిన అన్యాయం ఈ గదిలోనైనా చెప్పేయాలనిపించింది. "అమ్మా, ఆ రోజు..." అని నోరు తెరిచాను.

చాచీ చెయ్యి నా మోకాలి మీద పడింది. గట్టిగా నొక్కింది. ఆమె నా వైపు చూడలేదు, అమ్మనే చూస్తోంది.

"హౌ అక్కా, ఆయన గూడ గదే చెప్తుండె. మీ చేతి బొట్టుతోనే నడిచిందని" అంది. అమ్మ కళ్ళు తుడుచుకుని ఆ కథ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అది ముగిసేదాకా చాచీ నా మోకాలి మీదనుంచి చెయ్యి తీయలేదు.