గాజుల చేతులకు గురి నేర్పిన అక్క

మా పక్కింటి అక్క చనిపోయింది. ఈ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆదివారం సాయంత్రం గోడకు అటువైపు నిలబడి నాతో గట్టిగా వాదించి, "రేపు చెప్త నీ సంగతి" అని లోపలికి పోయిన మనిషి. సోమవారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు వేసుకునే మెట్టు మీదే ఒరిగిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు. నేను పరుగెత్తుకు పోయేసరికి బావ రెండో బూటు చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు.

అక్క పోలీసు. మహిళా కానిస్టేబుళ్లకు పిస్టల్ కాల్చడం నేర్పేది. నేను పోలీసులకు వ్యతిరేకంగా రాసీ రాసీ తల నెరిసినవాణ్ని. కరీంనగర్‌లో మా ఇద్దరి ఇళ్లకూ ఒకటే గోడ కావడం మా గల్లీకి పెద్ద వినోదం.

ఆ సాయంత్రం పాడె లేచేముందు, ఇంటి ముందు పోలీసు పెద్దసారు ఒకాయన నాలుగు మాటలు మాట్లాడాడు. అక్క సహనానికి మారుపేరట. స్టేషన్‌లో అందరికీ తల్లిలా అన్నం పెట్టేదట. నాకు ఒళ్లు మండింది. సహనమా? ఆడవాళ్ల ఫైరింగ్ వంతు మగవాళ్లందరి తర్వాత, నడినెత్తిన ఎండ పడ్డాక ఎందుకని ఆఫీసుల చుట్టూ తిరిగి, పొద్దుటి వంతు సాధించిన మనిషిది సహనమా? జీవితమంతా గురి నేర్పిన మనిషిని, చచ్చిపోయిన రోజున కూడా వంటింట్లోకే పంపించాలా? తుపాకీ అన్న మాట ఒక్కసారైనా ఆ పెద్దమనిషి నోట రాలేదు.

పోలీసుల ఫైరింగ్ రేంజ్‌లో అక్క కంటే ముందు నేర్పిన సారు, ఆడపిల్లలు వరుసలో నిలబడగానే గాజులు తీసి రమ్మని అరిచేవాడట, ఇది గాజుల దుకాణం కాదని. పెళ్లయిన పిల్లలు ముత్తయిదువ చేతులు బోసిగా ఎట్లా పెట్టుకుంటారు? గాజుల్ని మోచేతి దాకా ఎగదోసి, రబ్బరు బ్యాండు బిగించి, చెయ్యి తిమ్మిరెక్కుతుంటే గబగబా కాల్చి బయటపడేవాళ్లు. గుండ్లు మట్టిదిబ్బలోకి పోయేవి. ఆడవాళ్లకు గురి రాదని తీర్మానం అయిపోయేది. పిరికివాణ్ని గాజులు తొడుక్కొమ్మని తిట్టే దేశం కదా మనది, ఆ తీర్మానానికి సాక్ష్యం ఎవరడుగుతారు?

అక్క వచ్చీ రాగానే ఆ రబ్బరు బ్యాండ్లు తీయించింది. గాజులు మణికట్టు మీదికి దించి, ఖాళీ పిస్టల్ చేతికిచ్చి, ట్రిగ్గర్ నొక్కమంది. గాజులు గల్లుమన్నాయి. "గా చప్పుడే నీ తప్పు. గుండు వోకముందే భయంతోని చెయ్యి గుంజుతున్నవ్. గాజులు కదలకుండ వేలొక్కటే మెల్లగ దగ్గరికి తే. అది ఎప్పుడు పేలుతదో నీకు సుత తెల్వొద్దు." గాజులు మోగకుండా నొక్కడం వచ్చేంత వరకు అసలు తూటా ఇచ్చేది కాదు. ఏడ్చినా ఇచ్చేది కాదు.

కాగజ్‌నగర్ మిల్లు కార్మికుడి బిడ్డ ఒకతి అట్లా ఏడ్చినవాళ్లలోనే ఉంది. మొన్నటి ఫైరింగ్ పరీక్షలో తప్పింది. ఈ బుధవారం కూడా తప్పితే ఆయుధం పట్టే డ్యూటీ మళ్లీ అడగొద్దని, రిసెప్షన్ కుర్చీకే పరిమితమని చెప్పేశారు. సెలవు రోజుల్లో అక్క ఆ పిల్లను ఇంటికి పిలిచి, నీళ్లు నిండిన చెంబును చేతులు చాపి పట్టుకోమనేది. నీళ్లు తొణికితే, "మొక్కలకు నీళ్లు తర్వాత పోద్దువు తియ్యి బిడ్డా, ముందు చెంబు వట్టు" అనేది.

ఆదివారం మా వాదన ఈ గురి నేర్పడం గురించే. నువ్వు కుదిర్చిన గురి రేపు ఎవరి ఛాతీ మీదికి పోతుందో ఆలోచించావా అక్కా అన్నాను. "భయపడ్డ చెయ్యే గుంపు మీదికి కాలుస్తది తమ్మీ. గురి తెలిసినోళ్లు ఆగుతరు" అంది. చెయ్యి ఆగితే చాలదు, హుకుం ఇచ్చే నోరు ఆగాలి కదా అన్నాను. అప్పుడే, రేపు చెప్త అని లోపలికి పోయింది. ఆమె మాట నేను ఒప్పుకోలేదు. పోయింది కదా అని ఇప్పుడు ఒప్పుకుంటే, అక్కే నన్ను క్షమించదు. కానీ ఆ జవాబేదో వినాల్సి ఉండె.

దహనం అయిన మర్నాడు, మంగళవారం, ఆ పిల్ల వచ్చి, రేపు పరీక్షకు పోనని బావతో చెప్పింది. మేడం లేకుండా చేతులు లేవవంది. దానికి బావ అన్నాడు. "మీ మేడం ఉంటే నిన్ను గిట్ల కూసోనిచ్చునా? పో బిడ్డా."

బుధవారం మధ్యాహ్నం ఆ పిల్ల యూనిఫాం మీదనే వచ్చింది. వాకిట్లో బావ ఎదురుగా కూర్చుని, మడిచి తెచ్చిన టార్గెట్ కాగితం విప్పింది. పాసయ్యానంది. లేచి, కాగితాన్ని రెండు చేతులతో ఎండకు ఎత్తి పట్టింది. చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది, గుప్పిట్లో పట్టేంత చోట, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ఒక్క చుక్క మాత్రం దూరంగా, బావ పాదం మీద పడింది. అదెట్లా తప్పిందని ఎవరమూ అడగలేదు. బావ కాలు కదపకుండా అట్లాగే కూర్చున్నాడు.