పేరు చివరన చెప్పే మనిషి

మొన్న మధ్యాహ్నం కొత్త పాటకు గొంతు రికార్డు చేస్తుంటే మా వీధిలోకి ప్రచారం ఆటో వచ్చింది. గోడలకు పాత పరుపులు నిలబెట్టి, కిటికీకి బొంత కట్టి నేను తయారు చేసుకున్న గది అది. ఆ శబ్దం ముందు పరుపులూ బొంతలూ ఏం చేస్తాయి? ఎవరో అమ్మాయి పట్నపు పలుకుతో రికార్డు చేసిన చీరల ప్రకటన, మళ్లీ మళ్లీ అదే తిరుగుతోంది. విసుక్కుంటూ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను. ఇంతలో ప్రకటన మధ్యలో తెగిపోయింది. మైకు పని చేస్తోందో లేదో చూసుకోవడానికి కాబోలు, డ్రైవరు వేలితో రెండుసార్లు తట్టాడు. టక్ టక్. నా ఎడమ భుజం దానంతట అదే కదిలింది. దావీదు మామ వేలు అక్కడ తగిలినట్టే అనిపించింది. ఇక ఆ రోజు పాట సాగలేదు.

దావీదు మామ మాకు చుట్టం కాదు. ప్రొద్దుటూరులో ఆటో పైకప్పుకు పెద్ద మైకు కట్టుకుని వీధివీధికీ తిరిగి వార్తలు చెప్పే మనిషి. నీళ్లు రావన్నా, కరెంటు పోతుందన్నా, పిల్లవాడు తప్పిపోయాడన్నా, ఎవరైనా చనిపోయారన్నా ఆయన గొంతులోనే ఊరికి తెలిసేది. నేను డిగ్రీ చదువుతూ, ఫోనుతో ర్యాప్ వీడియోలు తీసి నెట్లో పెట్టడం మొదలుపెట్టిన రోజులవి. నా పాటను జనం బొటనవేలితో నెట్టేసి పోతున్నారు. అదే జనం దావీదు మామ ఆటో వస్తే మాత్రం చేతిలో పని ఆపి గడపలోకి వచ్చి నిలబడుతున్నారు. ఈయన దగ్గర ఏముంది, నా దగ్గర ఏం లేదు? ఆ కుతూహలం ఆగక ఒక పొద్దున వాళ్లింటికి వెళ్లాను.

"ఏమప్పా బాషా, ఫోను ఎత్తుకోని ఈడ తిరుగుతాండావు?" అన్నాడు, మైకు తీగలు చుట్టుకుంటూ.

"నీ మీద వీడియో తీస్తా మామా."

"నా మొగం యాలప్పా? ఊర్లో నన్ను చూసినోళ్లు శానా తక్కువ. అందురూ విన్నోళ్లే."

నా పాట ఒకటి చూపించాను. కళ్లు మూసుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని మొత్తం విన్నాడు. ఆయన భార్య సుగుణమ్మత్త పక్కనే బియ్యం ఏరుతూ వింది.

"నిన్నెవురన్నా తరుముతాండారా? అట్ల ఉరుకుతాండావు" అన్నాడు. అత్త పకపకా నవ్వింది. "అదీగాక, రాంగానే నీ పేరు అరుస్తాండావు. నువ్వెవురో తెలీనోనికి నీ పేరుతో ఏం పని? ముందు యాడ నిలబడి మాట్లాడుతాండావో చెప్పు."

నాకు ఒళ్లు మండింది. ర్యాప్‌లో మొదట పేరు చెప్పుకోవడం పద్ధతి, ఈయనకేం తెలుసు అనుకున్నాను. అనుకుంటూనే మర్నాడు ఆయన ఆటో ఎక్కాను. కోపం కన్నా కుతూహలం పెద్దది నాకు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆ రోజు పులివెందులలో కంటి వైద్య శిబిరం ప్రచారం. బస్టాండు దాటి, చీనీకాయల, అదే బత్తాయిల, లారీల పక్కనుంచి వీధుల్లోకి దిగాం. ఒకే సంగతి, కానీ ప్రతి వీధిలోనూ వేరేగా చెప్పాడు. అంగళ్ల దగ్గర "కంటి పరీక్ష" అన్నాడు. ముసలివాళ్లు అరుగుల మీద కూర్చున్న చోట "సూదిలో దారం ఎక్కించలేనోళ్లు రాండి" అన్నాడు. తోటలకు పోయే కూలీల ఆటోలు ఆగిన చోట, "మీ అమ్మనో అబ్బనో తోడుకోని రాండి" అన్నాడు. ఏ వాక్యమూ దాని ముందు వాక్యం మీద ఆధారపడలేదు. అది నేను గమనించి అడిగితే సంబరపడిపోయాడు.

"ఆటో మూడిండ్లు దాటేలోపల మాట అయిపోవల్ల బాషా. లోపలుండే ఆయమ్మ నా మాట మొదులు వినదు, కొస వినదు. నడుమ ఒక ముక్క వింటాది. ఆ ముక్కకే సంగతి అర్థం కావల్ల."

ఆ మధ్యాహ్నం బొరుగుల ఉగ్గాని తింటూ నా పాటలన్నీ మనసులోనే తిరగేసుకున్నాను. ఏ వాక్యాన్ని విడిగా తీసి పెట్టినా నిలబడేలా లేదు. సిగ్గేసిందని చెప్పను, భలే ఉత్సాహం వేసింది. పట్టుకోవాల్సినదేదో దొరికినట్టుంది.

తర్వాత ఎప్పుడు ఖాళీ దొరికినా ఆయన ఆటోలోనే తిరిగాను. ఒకసారి జమ్మలమడుగులో చావు కబురు చెప్పాల్సి వచ్చింది. ఆయన పుట్టిన ఊరది. చిన్నప్పుడు అక్కడి చర్చిలో, వెనక వరుస ముసలమ్మలకు వినబడేలా మైకు లేకుండా వాక్యం చదివేవాడట. ఆ రోజు ఆటోను మనిషి నడక కన్నా నెమ్మదిగా పోనిచ్చాడు. మొదట వీధి పేరు చెప్పి ఆగాడు. తర్వాత ఫలానా అంగడి పక్క ఇల్లు అని చెప్పి ఆగాడు. తర్వాత ఫలానావాళ్ల తండ్రి అన్నాడు. అన్నిటికన్నా చివర చనిపోయినాయన పేరు. అంతసేపు ఎందుకు నాన్చుతున్నాడో నాకు అంతుబట్టలేదు. అడిగితే, "మీ అత్తనడుగు" అని నవ్వాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. సుగుణమ్మత్త చీర కొంగు తప్పించి ముంజేయి చూపించింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత కాలిన మచ్చ.

"మా నాయన కడపలో ఆసుపత్రిలో ఉన్న్యాడు. పోయిన కబురు మొదులు చర్చికొచ్చింది. మాకు తెలుసనుకోని ఈయప్ప రిక్షా ఎక్కి మైకులో మా నాయన పేరే ముందు చెప్పినాడు. నేను అప్పుడు గంజి వారుస్తాండా" అంది అత్త.

"మళ్ల?"

"మళ్లేముంది? తప్పయిపాయ అని రోజూ మా ఇంటికాడికొచ్చి నిలబడినాడు. నా చెయ్యి గాల్చి నన్ను చేసుకున్యాడు!"

ఆమె నవ్వింది గానీ మామ నవ్వలేదు. నా వైపు తిరిగి అన్నాడు. "వీధి పేరు చెప్తే ఆ వీధోళ్లు చెవి ఇస్తారు. ఇంటి గుర్తు చెప్తే చేతిలోది దించుకుంటారు. కూసునేవాళ్లు కూసుంటారు. అప్పుడు చెప్పల్ల పేరు."

ఆ తర్వాత కొంతకాలానికి నాకు ఒక అవకాశం వచ్చింది. హైదరాబాదులో పాటలు విడుదల చేసేవాళ్లు నా వీడియో ఒకటి చూసి ఫోను చేశారు. అందులో వెనక ఎక్కడో దావీదు మామ గొంతు వినిపిస్తుంది. ఆ గొంతును పాట మధ్యలో పదేపదే వాడితే అదిరిపోతుంది, చేసి పంపు అన్నారు. గాల్లో తేలుతూ ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన వద్దన్నాడు.

"నేను రేపు నీళ్లు రావని చెప్తే ఊరు ఈ పొద్దే బిందెలు నింపుకుంటాది. నా గొంతు పాటలో ఆడిందనుకో, నీళ్లు రావంటే గూడా ఎగురుతారు. ఒకపారి నమ్మకం పోతే ఈ మైకెందుకప్పా నాకు, రేకుల కింద అమ్ముకునేదానికా?"

నేను బతిమాలాను, అలిగాను, చాలా రోజులు ఆయన గడప తొక్కలేదు. ఆ గొంతు లేకుండానే పాట పంపాను. వాళ్లు తిరిగి ఫోను చేయలేదు. చేతికందింది నోటికి అందకుండా చేశాడని ఆయన మీద నిజంగానే కోపం వచ్చింది. ఊరి నమ్మకం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

అది నాకు తెలిసివచ్చింది ఆయన గొంతుకు జబ్బు చేసినప్పుడు. ఆపరేషను తర్వాత మాట గుసగుసగా మిగిలింది. పైపు మరమ్మతు వల్ల మర్నాడు నీళ్లు రావని చెప్పాల్సిన రోజు అత్త నన్ను పిలిపించింది. మైకు అందుకుని వీధుల్లోకి వెళ్లాను. అప్పటికి నా వీడియోలు ఊళ్లో కొందరికి తెలుసు, ముఖ్యంగా నవ్వించేవి. నేను "రేపు నీళ్లు రావు" అంటుంటే పిల్లలు ఆటో వెంట ఎగురుతూ వచ్చారు. పెద్దవాళ్లు కెమెరా ఎక్కడుందోనని వెతికారు. ఒకాయన తల దువ్వుకుని మరీ వచ్చి నిలబడ్డాడు. బిందె నింపుకున్నవాళ్లు ఎవరూ లేరు. మర్నాడు కొళాయిలు ఎండిపోతే జనం మామ ఇంటి మీదికి పోయారు. మాట రాని మనిషి చేతులు జోడించి అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

నన్ను తిట్టలేదు. తర్వాతి పిలుపుకు తనే ఆటో వెనక సీట్లో ఎక్కి, నన్ను ముందు కూర్చోబెట్టి, ఎడమ భుజం మీద వేలు పెట్టాడు. నేను ఆగాల్సిన చోట రెండుసార్లు తట్టేవాడు. మళ్లీ తట్టేదాకా నోరు విప్పకూడదు. ఆ మౌనం నాకు మొదట్లో భరించలేనిదిగా ఉండేది. ర్యాప్‌లో ఖాళీ వదిలితే ఓడిపోయినట్టే అనుకునేవాణ్ని. మెల్లగా ఆ ఖాళీలో జనం తలుపులు తీయడం వినిపించసాగింది. నా గొంతులో ఎగిరే గొంతు ఒకటి, చెప్పే గొంతు ఒకటి వేరుపడ్డాయి. ఒక రోజు నేను కరెంటు పోతుందని చెబితే ఒకావిడ వెంటనే పిండి రుబ్బుకోవడానికి లోపలికి పరుగెత్తింది. మామ నా వీపు మీద గట్టిగా చరిచాడు. నా పాటలకు వచ్చిన ఏ మెచ్చుకోలూ అంత తియ్యగా లేదు.

ఒక పొద్దున అత్త ఫోను చేసింది.

"మీ మామ పోయినాడు బాషా. ఊరికి చెప్పల్ల. నువ్వే రావల్ల."

ఆటో ఎక్కాను. మొదటి వీధి మలుపులోనే పిల్లలు చుట్టుకున్నారు. "అన్నా, కొత్త వీడియోనా? మమ్మల్ని గూడా తియ్యన్నా!" ఈ ఒక్క మాట వీళ్లు నమ్మకపోతే, ఆయన చావు కూడా నవ్వులాటయిపోతే? మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. "చర్చి వెనక వీధి" అన్నాను. ఆగాను. భుజం మీద వేలు లేదు. ఉన్నట్టే ఆగాను. "మైకు ఆటో నిలబడే ఇల్లు" అన్నాను. పిల్లలు ఎగరడం మానేశారు. నీళ్లు మోసుకొస్తున్న ఒకావిడ బిందెను నేల మీద దించింది. అరుగు మీద నిలబడిన పెద్దాయన గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. "సుగుణమ్మ భర్త" అన్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు చెప్పాను పేరు.

ఊరంతా తిరిగి చివరికి వాళ్ల ఇంటి ముందు దిగాను. అత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరు ఎంత చెప్పినా కూర్చోలేదట.

"పేరు యాడ చెప్పినావప్పా?" అంది.

"కొసనే అత్తా."

సరేనన్నట్టు తల ఊపింది. అప్పుడు మెట్టు మీద కూలబడి, ఆ కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు నా పాటలు చాలామంది వింటున్నారు. అదే నా బతుకుతెరువు. ఆ చెప్పే గొంతును మాత్రం ఏ పాటలోనూ వాడలేదు, ఏ అంగడి ప్రకటనకూ ఇవ్వలేదు. ఊళ్లో ఎవరైనా పోతే ఇప్పటికీ నాకు ఫోను వస్తుంది, షూటింగు ఉన్నా ఆపి వెళ్తాను. నా ప్రతి పాటలోనూ నా పేరు చివరే వస్తుంది. అదొక స్టైలని చూసేవాళ్లు అనుకుంటారు. పేరు చెప్పే ముందు నేను ఒక్క క్షణం ఆగుతాను, భుజం మీద ఆ వేలు తగిలేదాకా.