హాలు తాళం తీసిన సిస్టర్

నాచారం క్యాథలిక్ చర్చిలో ఉండే ఆ ముసలి సిస్టర్, ఎవరొచ్చినా ముందు "కూసో బిడ్డా, జర ఊపిరి తీస్కో" అనేది. మేం మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లం. మిషన్‌లో పడి మాలో ఒక చెల్లె వేళ్లు తెగితే యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు. మేం కూడి మాట్లాడుకోవడానికి ఎవరూ చోటివ్వలేదు. సిస్టర్ చర్చి హాలు తాళం తీసింది.

"గుడిల యూనియన్ ముచ్చట్లేంది సిస్టర్?" అని చర్చి పెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు.

"లోపలికొచ్చి ఆ పిల్ల చెయ్యి సూడన్నా. సూసినంక నువ్వే చెప్పు" అంది ఆమె నెమ్మదిగా.

ఆయన చూశాడు. మరుసటి వారం ఫిర్యాదు ఇవ్వడానికి లేబర్ ఆఫీసుకు మాతోపాటు వచ్చాడు. చెల్లెకు పని తిరిగి దొరికింది.

సిస్టర్ బదిలీ అయి వెళ్లిపోయిన రోజు, ఉప్పల్ బస్సులు ఆగే చోటు దాకా ఆమె పెట్టె మోసింది ఆ పెద్దాయనే.