మబ్రూకా బండి తోసుకెళ్లిన రోజు

మబ్రూకా బండి మీంచి పడిందో లేదో, వీధంతా తీర్పు చెప్పేసింది. జెల్లాబా చెయ్యి హ్యాండిల్‌లో ఇరుక్కుని ఉంటుందట. మర్రకేష్‌లో మగవాడు పడితే రోడ్డు బాగాలేదంటారు, ఆడది పడితే దాని బట్టలు బాగాలేవంటారు. భుజాల నుంచి మడమల దాకా జారే ఆ అంగీని మగవాళ్లూ తొడుక్కుంటారు, బండ్లూ నడుపుతారు. వాళ్ల చేతులు మాత్రం ఎందులోనూ ఇరుక్కోవు!

మబ్రూకా పెళ్లిళ్లకు వర్ఖా రేకులు వేసే మనిషి. నిప్పుల మీద బోర్లించిన పెనానికి పిండిముద్దను టపటపా అద్దుతూ మన పూతరేకంత పల్చటి పొర లేపుతుంది. ఆ రేకుల మధ్యకు పావురం మాంసమూ బాదం పొడీ వండి కూరేది జుహూర్. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ స్నేహితులు. మొగుడు పోయాక మబ్రూకా ఎవరో వాడేసిన బండి ఒకటి కొనుక్కుంది. ఆమె నడుపుతుంటే జుహూర్ వెనక కూర్చుని, ఒళ్లో పెనం పెట్టుకుని, దారిలో ఎదురైన ప్రతి డ్రైవరునూ నోరారా తిట్టేది. వంటకు ఒప్పుకున్న ఇంటికి ఆ తిట్లు వీళ్లకన్నా ముందే చేరేవి.

ఆ రోజు బాబ్ దుక్కాల గేటు దగ్గర మబ్రూకా ఎడమకు తిప్పింది. బండి ఒక్కసారిగా రంకె వేసి ముందుకు దూకి, పుదీనా అమ్మే ముసలాయన తోపుడుబండిని గుద్దేసింది. మబ్రూకాకు మోచేయి గీరుకుంది. జుహూర్‌కు తొడ ఎముక విరిగింది.

"నేను యాక్సిలేటర్ వదిలేశానే, ఒట్టు!" అంది మబ్రూకా ఆసుపత్రిలో.

"సర్లే," అంది జుహూర్, గోడ వైపు చూస్తూ.

తిట్టి ఉంటే బాగుండేది. ఊరందరినీ తిట్టే నోరు తనను మాత్రం "సర్లే" అనేసరికి మబ్రూకాకు లోపల ఏదో తెగిపోయింది. ఆ తర్వాత రేకులు వేస్తూ వేస్తూ ఆగి తన కుడిచేతిని తనే చూసుకునేది. నిజంగా వదిలానా? లేక ఈ చెయ్యే అబద్ధమాడుతోందా? బండిని మెట్ల కింద పెట్టేసి, పెళ్లిళ్లకు ఒక్కతే నడిచి వెళ్లేది.

తమ్ముడు లార్బి భార్య వచ్చి, ఇదంతా దిష్టి అని తేల్చింది. దిష్టి పోవడానికి చెయ్యి ఆకారపు వెండి బిళ్ల గుచ్చిన ఎర్రతాడు తెచ్చి హ్యాండిల్ చుట్టూ బిగించి చుట్టింది. మనిషి మీద నమ్మకం పోయినప్పుడు ఆ ఊళ్లో తాడు మీద పెట్టుకుంటారు. మబ్రూకా కూడా వద్దనలేదు.

కొన్ని నెలలకు ఒక పొద్దున పిండి కలుపుతుంటే రేడియోలో బండి పేరు వినిపించింది. ఆ రకం బండ్లను కంపెనీ వెనక్కి పిలుస్తోందట. హ్యాండిల్ ఎడమకు తిప్పితే యాక్సిలేటర్ కేబుల్ నలిగి పట్టేస్తోందట. వెంటనే నడపడం మానేయాలి. సీటు కింద చాసిస్ నంబరు చూసుకుని, దగ్గర్లోని షోరూంలో చూపించుకోవాలి. బండి ఎన్ని చేతులు మారినా సరే, బాగుచేయడం ఉచితం.

మబ్రూకా పిండి చేతులతో అలాగే నేల మీద కూలబడింది. ఏడుపొచ్చింది, వెంటనే దానికి రెండింతలు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ తన చేతిని తానే దోషిలా చూసింది! లేచి చేతులు కడుక్కుని, సీటు కింద నంబరు చూసుకుని కంపెనీకి ఫోను చేసింది. చాసిస్ నంబరు చెప్తే, అవతలివాళ్లు అవును, ఇదీ అందులోదేనన్నారు.

అంతలోనే లార్బి ఆయాసపడుతూ వచ్చాడు. "అక్కా, రేడియో విన్నావా? ఊళ్లో పాకకముందే అమ్మేద్దాం. ఓ కుర్రాడు కొంటానంటున్నాడు."

"వాడు నీకు పగవాడారా?"

"అబ్బా, ఏదో ఒకటి చేసుకుంటాడులే! నువ్విక నడపవుగా?"

"నడపనని ఎవడు చెప్పాడు?" అని అరిచింది మబ్రూకా. "అడ్డు లే. షోరూముకు పోతున్నా."

"సరే, తాళమియ్యి, నేను నడుపుకొస్తా."

"నడపొద్దన్నారు, వినలేదా? తోసుకుపోతా."

అన్నట్టే తోసుకుంటూ బయలుదేరింది. ఎండ నెత్తిన మాడుతోంది. జుహూర్ ఇంటి ముందు ఆగి గట్టిగా పిలిచింది. జుహూర్ చేతికర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చింది. మబ్రూకా రేడియో మాట చెప్పింది. జుహూర్ ముఖంలో నమ్మకమూ కనపడలేదు, అపనమ్మకమూ కనపడలేదు.

"నువ్వు రావాలి. నీ కళ్లతో చూడాలి," అంది మబ్రూకా.

"ఈ కాలితో అంతదూరం ఎలా వస్తానే? ఆ బండి మాత్రం చచ్చినా ఎక్కను."

వీధి మలుపులో పుదీనా ముసలాయన ఇదంతా వింటున్నాడు. "ఏమ్మా మబ్రూకా, ఈసారి తోసుకుంటూ వచ్చి నన్ను గుద్దుదామనా?" అన్నాడు. అని, తన తోపుడుబండిలో పుదీనా కట్టలు ఓ పక్కకు జరిపాడు. "కూర్చో తల్లీ. నా బండిని గుద్దిందెవరో నాకూ తెలియాలి."

అలా సాగింది ఊరేగింపు. ముందు మబ్రూకా బండి, వెనక పుదీనా మీద రాణిలా జుహూర్. "పెట్రోలు అయిపోయిందా లల్లా?" అని కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్లు, అమ్మగారిని పలకరించినట్టు, ఎకసెక్కాలాడారు. "మీ బండ్లూ ఇదే రకమైతే దిగి తోసుకోండి, కాళ్లు మిగుల్తాయి!" అని జుహూర్ అరిచింది. ఆ నోరు మళ్లీ తెరుచుకోవడం మబ్రూకా చెవులకు చల్లగా తగిలింది. అదే రకం బండి మీద చేపల సంచీతో పోతున్న ఒకామె ఆగి, సంగతి విని, నోటికొచ్చిన శాపనార్థాలు పెడుతూ తనూ దిగి తోయసాగింది. షోరూం చేరేసరికి అదే రకం బండ్లున్న ఆడవాళ్లు ఇంకొందరు కలిశారు.

షోరూం యజమాని మిలూది చల్లటి గదిలోంచి బయటకు రాక తప్పలేదు. మబ్రూకా సంగతి చెప్పింది.

"మీరు మా దగ్గర కొన్నది కాదుగా, లల్లా," అన్నాడు. "మొదట కొన్నవాళ్లను రమ్మనండి, చూద్దాం."

"విరిగిన కాలు కూడా మొదట కొన్నవాడిదేనా?"

వెనక ఆడవాళ్లు నవ్వారు. మిలూది ముఖం మాడింది. బండి చుట్టూ ఓసారి తిరిగి, హ్యాండిల్ మీది ఎర్రతాడు చూసి, నిధి దొరికినట్టు వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో! అసలు సంగతి ఇదీ. కేబుల్ చుట్టూ తాడు బిగించారు, పట్టెయ్యక ఏం చేస్తుంది? ఇలాంటివి కట్టుకుంటే కంపెనీకి పూచీ లేదు."

మబ్రూకా తాడు ముడి మీద వేలు పెట్టింది. ఆ తాడు కట్టనిచ్చింది తనే. తన మీద తనకు నమ్మకం పోయిన రోజున.

"అది పడ్డాక కట్టిందయ్యా!" అని జుహూర్ పుదీనా మీంచి కేక వేసింది.

"ఎవరు చూశారు?" అన్నాడు మిలూది.

అప్పుడు మబ్రూకా వంగి ముడిని పళ్లతో తెంపింది. తాడంతా విప్పి, బిళ్లతో సహా అతని చేతిలో పెట్టింది. బండిని పెద్ద స్టాండు వేసి వెనక చక్రం గాల్లోకి లేపి, స్టార్ట్ చేసింది. ఇంజను బుద్ధిగా కొట్టుకుంటోంది.

"అందరూ నా చెయ్యి చూడండి!"

కుడిచేతిని తలపైకి ఎత్తింది. జెల్లాబా చెయ్యి మోచేతి దాకా జారి, గీరుకున్న మచ్చ కనపడింది. ఎడమచేత్తో హ్యాండిల్‌ను ఎడమకు తిప్పింది. బండి రంకె వేసింది. గాల్లోని చక్రం పిచ్చెత్తినట్టు తిరిగింది. మిలూది రెండడుగులు వెనక్కి గెంతాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

"ఇప్పుడు ఇందులో ఎవరి బట్టలు ఇరుక్కున్నాయో చెప్పండి!"

తాళం తిప్పి ఆపేసింది. ఆమె బండిని స్టాండు దించి, షోరూం గుమ్మానికి అడ్డంగా పెట్టి, మెట్టు మీద కూర్చుంది.

"ఇదేంటమ్మా, దారికడ్డం?" అన్నాడు మిలూది.

"బండి నడపొద్దని మీ కంపెనీయే చెప్పింది. నేను మాట వినే మనిషిని. బాగుచేసేదాకా ఇక్కడి నుంచి నడపను."

చేపలామె తన బండిని కూడా పక్కన చేర్చింది. ఎండకు చేపల వాసన లోపలి చల్లటి గదిలోకి నెమ్మదిగా పాకింది. మిలూది ముక్కు మూసుకుని మెకానిక్‌ను కేకేశాడు.

మెకానిక్ నలిగిన కేబుల్ తీసి కొత్తది వేశాడు, హ్యాండిల్‌కు తగలకుండా వేరే దారిన లాగి కట్టాడు. మబ్రూకా పక్కనే నిలబడి, అటూ ఇటూ తిప్పించి చూసుకుంది. వెనకున్న వాళ్ల బండ్లు లోపలికి పోయేదాకా కదల్లేదు. మిలూది ఇంకా ఎర్రతాడు పట్టుకునే నిలబడ్డాడు. తిరిగివ్వబోయాడు.

"ఉంచుకోండి అయ్యా," అంది. "ఈ దిష్టి మీ కొట్టుదే."

బండి తీసి జుహూర్ ముందు ఆపింది. ఎక్కమనలేదు. ఎక్కమనే ధైర్యం ఆమెకింకా రాలేదు.

"నా తప్పే అనుకున్నావు కదూ?" అంది, మరోవైపు చూస్తూ.

"అనుకున్నాను," అంది జుహూర్. దాచలేదు. "ఊరంతా అనుకుంది. సిగ్గులేనిదానా, నువ్వూ అనుకున్నావు! నీ చెయ్యి నాకన్నా నీకు తెలియదూ?"

కర్రను పుదీనాలోకి విసిరేసి, ముసలాయన భుజం పట్టుకుని, మూలుగుతూ వెనక సీటు మీదికి ఎక్కింది. మబ్రూకా నడుము చుట్టూ చేతులు బిగించింది. మబ్రూకా కళ్లు తుడుచుకుని, ఇంటికి దగ్గరి దారి పట్టబోయింది.

"ఇటెందుకే?" అంది జుహూర్. "బాబ్ దుక్కాల మీంచి పోనీ. అక్కడే, అందరి ముందూ, ఎడమకు తిప్పు."