మూతపడని లారీ తలుపు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు చిటికెన వేలంత వెడల్పు ఉంటుంది. ఒక బొమ్మ లారీ తలుపుకీ దాని చట్రానికీ మధ్య మిగిలిన సందు అది. దాని గురించి ఇప్పటిదాకా ఎవరికీ నిజం చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కడం నా పని. అబద్ధాలు చెప్పడం నా సరదా. కోట మీద చిరుతపులి ఎదురొచ్చి బీడీ అడిగిందని, అగ్గిపెట్టె తనే తెచ్చుకుందని చెప్పినవాణ్ణి నేను. టీ అంగట్లో నేను నోరు తెరవగానే, "ఒరే, ఈడు చెప్పేదాంట్లో నాలుగో వంతు తీసుకోండ్రా, మిగిలింది ఈడికే తిరిగిచ్చెయ్యండి" అనేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. ఊరందరికీ నా సంగతి తెలుసు కనుక నా కథల వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఆమెకు నా సంగతి తెలియదు. ఆమెది ఆత్మకూరు.

తొంభైల మొదట్లో మాట. ఆమె స్కూలు టీచరు. భర్త మిలిటరీలో లారీ డ్రైవరు. ఎక్కడో ఉత్తరాది కొండల్లో అతని లారీ లోయలోకి జారి ఏట్లో పడింది. లారీ దొరికింది. మనిషి దొరకలేదు. చనిపోయినట్టేనని కబురు వచ్చింది. సమాధి కడదామంటే శరీరం లేదు. ఏడాది తిరుగుతుండగా చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టుకోవాలనుకున్నారు. ఆ రోజు అతని ఫొటో ముందు అతని లారీ బొమ్మ పెట్టాలని ఆమె కోరిక. అందుకే నా దుకాణానికి వచ్చింది. లారీకి ఆనుకుని అతను నవ్వుతున్న ఫొటో నా చేతికిచ్చింది.

"కొత్తగా ఉండకూడదన్నా. ఆయన నడిపిన బండి మాదిరే ఉండాల, బురదతో సహా," అంది.

నెల పట్టింది. అంత ఇష్టంగా నేను ఇంకేదీ చెయ్యలేదు. అడుగుకు అర అంగుళం చొప్పున కొలత పెట్టుకున్నాను. మడ్‌గార్డులకు టూత్‌పేస్టు ట్యూబు రేకు. ముందు అద్దానికి కడిగిన ఎక్స్‌రే ఫిల్ము. టైర్లకు సైకిలు ట్యూబు. పై కప్పుకు టీ డికాక్షన్‌లో నానబెట్టిన నా పాత ఖాకీ చొక్కా. తలుపులకు గుండుసూదులతో కీళ్ళు చేశాను, తెరిస్తే తెరుచుకునేట్టు, మూస్తే మూసుకునేట్టు. తర్వాత పచ్చరంగు వేసి, ఆ రంగును పాడుచెయ్యడానికి కూర్చున్నాను. జీవితమంతా గరిటెల్ని నున్నగా చేసిన చేతికి అది కొత్త. చెయ్యి ఎక్కువగా తగిలే పిడి చుట్టూ రంగు గీకాను. మేకుల్ని నిమ్మరసంలో నానబెట్టి, ఆ తుప్పు నీళ్ళను బోల్టుల కింద చారలుగా జార్చాను. జల్లించిన మట్టిని బంకలో కలిపి, పాత బ్రష్షుతో చక్రాల వెనక చిమ్మాను. ఫొటోలో బంపరు మీద ఉన్న సొట్ట కూడా దించాను.

ఆమె వస్తానన్న రోజు పొద్దున ఆఖరి వార్నిష్ పూసి, డ్రైవరు తలుపు తెరిచే ఎండలో పెట్టాను. వార్నిష్ కీళ్ళలోకి దిగి గట్టిపడింది. మూయబోతే కదల్లేదు. ఇంకాస్త నొక్కితే సూది విరుగుతుంది. అప్పుడే ఆత్మకూరు బస్సు దిగి ఆమె వచ్చింది. లారీని చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"ఈ తలుపెందుకన్నా తెరిచి ఉండాది?"

వార్నిష్ పట్టేసింది, రెండు రోజులు ఆగమ్మా అంటే సరిపోయేది. అంత బాగా చేసిన పనిలో తప్పు ఉందని నా నోటితో ఎలా చెప్పడం? కథ మాత్రం నోట్లో ఎప్పుడూ సిద్ధమే.

"కావాలనే పెట్టినానమ్మా. మొన్న ఒక మిలిటరీ ఆయన గరిటెలు కొనేదానికి వచ్చినాడు. ఈ ఫొటో చూసి, ఈ బండి నాకు తెలుసన్నాడు. ఏట్లోంచి లాగినప్పుడు డ్రైవరు తలుపు ఇట్టనే తెరిచి ఉండిందంట."

"మీతో చెప్పినాడా?"

"ఈ పీట మీదనే కూర్చుని చెప్పినాడమ్మా."

ఆమె వంగి ఆ సందులోకి చూసింది.

"అయితే దూకేసినాడన్నా. ఆయనకి ఈత వచ్చు. సోమశిల కాడ పుట్టినోడు. పెన్నలో ఈదినోడు."

నేను నవ్వబోయి ఆగాను. ఆమె నాలుగో వంతు తీసుకోలేదు. మొత్తం తీసుకుంది.

కూటం ఆగిపోయింది. భర్త చనిపోయాడని రాసి ఉన్న కాగితాల మీద సంతకం పెట్టనంది. అతను పనిచేసిన చోటికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. నెలకోసారి ఉదయగిరి వచ్చి, ఆ మిలిటరీ ఆయన మళ్ళీ వచ్చాడా అని అడిగేది. ఒక్కసారైనా చెప్పొచ్చు కదా? చెప్పకపోగా, ఆయన ఎట్లా ఉంటాడని ఆమె అడిగితే చెంప మీద ఒక మచ్చ పెట్టాను. కొంచెం కుంటుతాడన్నాను. లారీకి తుప్పు పట్టించినట్టే అబద్ధానికీ పట్టించాను, నిజమైనదిలా కనబడాలని.

కొన్నాళ్ళకు ఆమె రావడం మానేసింది. మర్చిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. ఆరేడేళ్ళ తర్వాత ఆత్మకూరు బస్టాండులో ఎదురుపడింది. జుట్టు నెరిసింది. మెడలో పుస్తెలు అలాగే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"బండి బీరువాలో భద్రంగా ఉండాదన్నా. ఆ తలుపే ఈ మధ్య వదులైంది. మూసుకోకుండా అగ్గిపుల్ల అడ్డం పెట్టినాను."

నేను తల ఊపాను. అంతే. బస్సు వస్తే ఎక్కేశాను. అది నేను ఎక్కాల్సిన బస్సు కూడా కాదు.

ఇప్పుడు నిజం చెబితే ఆమె భర్తని రెండోసారి చంపినట్టు కాదా అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను. జాలి అయితే ఆమె ఊరి పేరు వింటే నాకు అరచేతులెందుకు చెమర్చాలి? ఆత్మకూరు ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. ఇన్నేళ్ళలో ఆ పని కోసం ఒక్కసారీ ఎక్కలేదు.

మా ఊళ్ళో ఎవరైనా ఇది చదివితే వీడు కొత్త కథ అల్లాడంటారు, నాలుగో వంతు తీసుకుంటారు. మీరు అలా చెయ్యొద్దు. ఆమెకు చెప్పాల్సిన మాటలు మీకు చెబుతున్నాను. రాస్తుంటే చెయ్యి కాస్త తేలికగానే ఉంది.

నా దుకాణానికి ఏ మిలిటరీ ఆయనా రాలేదమ్మా. వార్నిష్ పట్టేసి తలుపు మూతపడలేదు.