సగం ఊపిరి

నా చిన్నప్పుడు నాకు కోపం వస్తే ముందుగా చేతులు వణికేవి. ఇప్పుడూ కోపం వస్తుంది, ఆ రోజుల కంటే ఎక్కువే వస్తుంది, కానీ చేతులు వణకవు. ఆ తేడా ఎలా వచ్చిందో చెప్పాలంటే మా నాయనమ్మ గురించీ, ఒక పాత కెమెరా గురించీ, మా వలలు చింపిన ఒక మరబోటు గురించీ చెప్పాలి. ఆ బోటు పేరు తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. అందుకే పేరు చెప్పను.

మాది విశాఖపట్నం జాలరిపేట. మా నాన్న తెప్ప మీద ఒడ్డుకు దగ్గరలోనే వేటకు వెళ్లేవాడు. మరబోట్లు లోతు నీళ్లలో వేటాడుకోవాలి, ఒడ్డు దాపున తెప్పల వాళ్లు వలలు వేసుకోవాలి. అందరికీ తెలిసిన కట్టుబాటు అది. కానీ చీకట్లో ఎవరు చూస్తారులే అని ఒక మరబోటు రొయ్యల కోసం ఒడ్డు దాకా వచ్చి, మా వలల మీదుగానే తన వల ఈడ్చుకుంటూ పోయేది. నాకు పదేళ్లు వచ్చిన ఏడాది, ఒక్క నెలలో మా వలలు రెండు అలా పోయాయి. ఇంట్లో ఇంకొక్కటే మిగిలింది. అదీ పోతే మా నాన్న కూలికి వెళ్లాలి. కూలికి పిలిచింది ఎవరనుకున్నారు? ఆ బోటు యజమానే! చింపినవాడే మా ఇంటికి మనిషిని పంపి, తెప్పతో ఏం బాగుపడతావు, మా బోటెక్కెయ్ అని చెప్పించాడు. మా నాన్న తల వంచుకుని విన్నాడు. ఆ వంచిన తలను చూసినప్పుడు వచ్చిన కోపం ఇంకా నా ఒంట్లోనే ఉంది.

మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లి చెప్పుకుంటే, ఏ బోటో రుజువు తెండి అన్నాడు అక్కడి ఉద్యోగి. మా మావయ్య పోర్టులో పని చేసేవాడు. ఓడలో వచ్చిన ఒక నావికుడి దగ్గర కొన్న పాత కెమెరా ఆయన దగ్గర ఉండేది. తెల్లవారుజామున ఆయనకు డ్యూటీ. ఇంట్లో మిగిలినవాళ్లలో నెంబరు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని కెమెరా నా చేతిలో పెట్టి, ఎక్కడ చూడాలో ఎక్కడ నొక్కాలో నేర్పాడు. మా నాయనమ్మ రోజూ అందరికంటే ముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, మరబోట్ల దగ్గర చేపలు కొనుక్కుని ఊళ్లో అమ్మేది. ఆమె గంపలో గుడ్డ కింద కెమెరా దాచుకుని నేనూ వెంట నడిచాను.

మూడో రోజు ఆ బోటు వెనక తాళ్లకు చుట్టుకుని, అంతకుముందు పోయిన మా వల ముక్క కనబడింది. మా వలను గుర్తుపట్టడం కష్టం కాదు. చిరిగిన చోటల్లా నాయనమ్మ జంటముడి వేసేది. పేటలో ఇంకెవరూ అలా వేయరు. నేను గుండె నిండా గాలి పీల్చి, బిగబట్టి, నొక్కాను. చేపలు కొనే మిగిలిన ఆడవాళ్లు వచ్చేలోపే బోటువాళ్లు ఆ ముక్క కోసి నీళ్లలో పారేశారు. వారం తరవాత స్టూడియోలో ఫోటో కడిగించి ఆఫీసుకు పట్టుకెళ్లాం. అంతా అలికేసినట్టుంది. నెంబరూ లేదు, ముడీ లేదు. "ఇది బోటా, మబ్బా?" అని ఆ ఉద్యోగి పక్కవాడికి చూపించి నవ్వాడు. మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు.

మా నాయనమ్మ పేటలోకెల్లా కోపిష్టి మనిషి. ఆమె తిట్టడం మొదలుపెడితే కుక్కలు కూడా పక్క వీధిలోంచి వెళ్లేవి. కానీ ఎవరి కాల్లో ముల్లు దిగినా ఆమె దగ్గరికే రావాలి. టీ గ్లాసు పట్టుకుంటే సగం ఒలకబోసే చేతులు, పిన్నీసు పట్టుకుంటే కదిలేవి కావు. ఆ సాయంత్రం ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, ఎలా తీశావో చేసి చూపించమంది. నేను రొమ్ము పొంగించి గాలి బిగబట్టి చూపించాను.

"ఏటే గుంటా, మునగడానికెల్తన్నావేటి?" అంది.

నిజమే. సముద్రం పక్కన పుట్టినదాన్ని. ఊపిరి బిగబట్టడం అంటే నాకు తెలిసింది అదొక్కటే. అల కిందకి దూరేముందు నిండా పీల్చుకోవడం. నాయనమ్మ నా అరచేతిని నా గుండె మీదే పెట్టించింది. నిండా బిగబట్టిన కొద్దీ గుండె దబదబ కొట్టుకుంటోంది. ఆ దెబ్బలే చేతుల్లోకి దిగుతున్నాయని అప్పుడు తెలిసింది. తరవాత ఆమె తన కాలు నా ఒళ్లో పెట్టి, పిన్నీసు నా చేతికిచ్చింది. మడమలో చేప ముల్లు విరిగి ఉంది. మొదటిసారి నేను గుచ్చితే రక్తం వచ్చింది, నా వీపు మీద ఒకటి పడింది. రెండోసారీ అంతే. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసువాడి నవ్వు గుర్తొచ్చి చెయ్యి ఆగడం లేదని చెప్పాను. కోపం పోతేగానీ నా వల్ల కాదన్నాను.

"కోపం ఎందుకే ఒగ్గడం? ఊపిరి ఒగ్గు. సగం ఒగ్గి, ఆగు. అప్పుడు గుచ్చు."

ఇలాంటి కథల్లో పెద్దవాళ్లు పిల్లలకు శాంతం నేర్పుతారు. మా నాయనమ్మ అలాంటిదేమీ నేర్పలేదు. సగం గాలి వదిలి ఆగినచోట చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో గుండె కూడా మెత్తబడుతుంది. మూడోసారి ముల్లు పిన్నీసు కొన మీదికి వచ్చేసింది. ఆ తరవాత రోజూ కెమెరా పట్టుకుని, ఆ ఖాళీ కోసం వెతుక్కుంటూ కూర్చునేదాన్ని.

రెండు వారాలకు ఆఖరి వల కూడా పోయింది. మా నాన్న సోమవారం నుంచి ఆ బోటెక్కుతానని అమ్మతో చెప్పాడు. మర్నాడు పొద్దున్నే హార్బరుకు వెళితే, బోటు వెనక మళ్లీ మా వల. ఒకడు అప్పటికే కత్తి పట్టుకుని కోస్తున్నాడు. ఆ క్షణంలో వాణ్ణి నీళ్లలోకి తోసెయ్యాలనిపించింది, అబద్ధమెందుకు. ఇంకా సరిగ్గా వెలుగు రాలేదు. మోచేతులు డొక్కలకు ఆనించుకున్నాను. గాలి పీల్చాను, సగం వదిలాను, ఆగాను. బోటు నెంబరు, దాని కింద మా వల, రెండూ కదలకుండా నిలబడ్డాయి. నొక్కాను.

ఈసారి ఆ రోజే కడిగించాం, ఫోటోలో జంటముడులు లెక్కపెట్టుకోవచ్చు. ఆఫీసులో అదే ఉద్యోగి చూశాడు. నెంబరు బాగానే కనబడుతోంది, కానీ ఈ వల మీదేనని రుజువేంటి అన్నాడు! నాయనమ్మ ఆయన బల్ల మీది ఫోటోను లాక్కుని బయటికి వచ్చేసింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వేలం పాట దగ్గరికి వెళ్లి, చేపలు కొనే ఆడవాళ్ల మధ్య నిలబడింది.

"సూడండర్రా, ఈ ముడి ఎవలిది?"

అంతకుముందు చెప్పినప్పుడు వాళ్లు నమ్మలేదు. ముసలిదానికి ఆ బోటువాళ్లంటే గిట్టదనుకున్నారు. పైగా ఆ చేపలు కొనకపోతే వాళ్ల ఇళ్లు గడవవు. అనుమానం మీద ఎవరూ కడుపు మాడ్చుకోరు. ఇప్పుడు ఫోటో చేతులు మారింది. వాళ్లలో ఎవరికీ నెంబరు చదవడం రాదు, ముడి చదవడం అందరికీ వచ్చు. ఒకామె ఫోటో మీద వేలు పెట్టి, "నీదే అప్పా, నీ ముడే" అంది. తన గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఒక్కొక్కరే అందరూ బోర్లించారు. వేలంవాడు గొంతు చించుకున్నా ఒక్కరూ పాడలేదు. మధ్యాహ్నానికి ఆ బోటు చేప ఎండకు కంపు కొట్టింది. మర్నాడూ అంతే. మూడో రోజు యజమానే జాలరిపేటకు వచ్చి, కులపెద్దల ముందు, పొరపాటున జరిగిందన్నాడు. మూడు వలలు పొరపాటున చిరుగుతాయా? మూడు చింపి, బదులుగా రెండే కొత్త వలలు తెచ్చాడు. అయినా ఆ సోమవారం మా నాన్న తన తెప్ప మీదే వేటకు వెళ్లాడు.

ఇప్పుడు నా వయసు ఆనాటి నాయనమ్మ వయసు. మొన్న మా ఒడ్డున, పిల్లలు ఆడుకునే చోటే, ఒక పైపులోంచి నల్లటి మురుగునీళ్లు సముద్రంలోకి వదులుతుంటే ఫోన్ పట్టుకుని వెళ్లాను. ఆ పైపు దగ్గర కాపలా ఉన్న కుర్రవాడు మర్యాదగానే, "ఈ వయసులో అంత కోపం మంచిది కాదు మామ్మా, బీపీ పెరిగిపోద్ది" అన్నాడు. డాక్టరూ అదే అంటాడు, నా పిల్లలూ అదే అంటారు. నేను సగం ఊపిరి వదిలి, ఆగి, ఆ పైపునూ, నీళ్ల రంగునూ, పక్కనే నిలబడ్డ అతని ముఖాన్నీ స్పష్టంగా ఫోటో తీసుకున్నాను. తగ్గించుకోవలసింది వణుకే. కోపం నాది, దాన్ని పోనివ్వను.