శివపార్వతమ్మ బీరపాదు

మైలవరంలో వెంకటప్పయ్యకు తన వాకిట్లోని పొగడచెట్టంటే మహా గొప్ప. పక్కింటి శివపార్వతమ్మ కనిపిస్తే చాలు, "పార్వతమ్మగారూ, మా చెట్టు ముప్పై ఏళ్లుగా పచ్చగా నీడనిస్తోంది. మీ బీరపాదు నాలుగు నెలలకే ఎండిపోద్ది గదండీ!" అనేవాడు.

ఆమెకు ఒళ్లు మండేది. ఆ బీర తన అత్తగారిచ్చిన విత్తనం. ఏటా నిఖార్సయిన కాయ ఒకటి చూసి, ఎర్ర గుడ్డపీలిక కట్టి, విత్తనానికని తీగమీదే ఎండనిచ్చేది. అడిగినవాళ్లకల్లా గింజలు పంచేది.

ఈ ఏడు కొత్త కోడలు సుస్మిత ఆ పీలిక దిష్టికి కట్టారనుకుని, ఇంకా ముదరని ఆ కాయే కోసి పప్పులో వేసింది. ఆ వారమే ముసురు పట్టి పాదు కుళ్లిపోయింది. కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏడవకే, నాతో రా" అంటూ శివపార్వతమ్మ ఆమెను వెంటబెట్టుకుని వెంకటప్పయ్య గుమ్మంలోకి వెళ్లింది.

"అన్నయ్యగారూ, వదినగారు నిరుడు దాచిన బీరగింజలు నాలుగు ఇప్పించండి. ఆరేళ్ల కిందట నేనిచ్చిన విత్తనం నుంచి వచ్చినవే."

వెంకటప్పయ్య లోపల్నుంచి తెచ్చిన గింజల పొట్లం కోడలి చేతిలో పెడుతూ శివపార్వతమ్మ అంది:

"మీ చెట్టు గొప్పదేనండీ, కాదన్లేదు. నాటినచోటే ఉంది. నా పాదు చూడండి, మీ ఇంట్లో కూడా కాపురం చేస్తోంది!"